హెడ్డునూ బాక్సులనూ విడదీయరాదు

తిరువూరు కాపురస్తురాలు, ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి రిటైరైన పగిడిపల్లి పుష్పలత అను నేను, వచ్చే నెల విజయవాడలో నా గుండె కవాటానికి ఆపరేషన్ జరగనున్నందున, ముందుజాగ్రత్తగా ఈ వీలునామాను నా చేత్తో నేనే రాస్తున్నాను. జబ్బు గుండెకే గాని బుర్రకు కాదని డాక్టరు గారు కాగితం ఇచ్చారు, జత చేశాను. నన్నెవరూ బెదిరించలేదు. మా అబ్బాయి అనిల్ కుమార్ మాత్రం ఈ వారమంతా అడక్కుండానే కాఫీ కలిపి తెస్తున్నాడు. దాన్ని ఒత్తిడి కింద జమకట్టడం లేదు. కాఫీ బాగానే ఉంటోంది.

1. నా పేరిట ఉన్న డాబా ఇల్లు, ఖాళీ స్థలంతో సహా, నా భర్త జోజప్ప గారు జీవితాంతం అనుభవించి, ఆయన తదనంతరం అనిల్ కుమార్‌కు సర్వహక్కులతో చెందవలెను. ఇందులో తగువేమీ లేదు. తగువంతా కింద ఉంది.

2. నా స్వార్జితమైన చరాస్తి: బేస్ గిటారు ఒకటి. దాని ఆంప్లిఫయరు ఒకటి, దీన్నే హెడ్డు అంటాం. స్పీకరు బాక్సులు రెండు. అన్నిటికీ సంచులు, తొడుగులు, వైర్లు. హెడ్డు చాలా చిన్నది, అన్నం క్యారేజీ సంచిలో పట్టేస్తుంది. రెడ్డిగూడెం ప్రార్థన కూటాలకు వెళ్ళినప్పుడు వంటవాళ్ళు ఆ సంచి అందుకుని భోజనాల వైపు తీసుకుపోయారు కూడా.

ఇవి నా దగ్గరికెలా వచ్చాయో వారసులకు తెలియాలి. మా చర్చి క్వయర్‌లో బేస్ వాయించే కుర్రాడు ఉద్యోగమొచ్చి వెళ్ళిపోతే గిటారు గోడకు ఆనించి ఉండిపోయింది. క్వయర్ నడిపేది మా అన్నయ్య ప్రభుదాసు. ఒక ఆదివారం విసుగొచ్చి, "ఎవరో ఒకళ్ళు పట్టుకోండర్రా" అన్నాడు. నేను లేచి పట్టుకున్నాను. "నువ్వు కాదు పుష్పా," అన్నాడు. అప్పటికి నాకు నలభై దాటాయి, పిల్లాడు కాలేజీలో ఉన్నాడు. ఆ రెండు మాటలకు జవాబు చెప్పడానికే నేర్చుకున్నాను. ఆ తర్వాత జీతంలో మిగిల్చుకుని ఈ సరంజామా అంతా కొనుక్కున్నాను.

3. హెడ్డునూ, రెండు బాక్సులనూ ఎట్టి పరిస్థితుల్లోనూ విడదీయరాదు. సరిగ్గా ఆ రెండు బాక్సులనే మోగించగలిగేలా చూసి తెచ్చిన హెడ్డు అది. విడివిడిగా ఉంటే హెడ్డు ఒక ఇటుకరాయి, బాక్సులు రెండు స్టూళ్ళు. ఊరికే అనడం లేదు, ఒక ఏడాది అలాగే ఉన్నాయి.

విస్సన్నపేటలో అన్నయ్య వాళ్ళింటి దగ్గర కూటం పెట్టుకున్నప్పటి మాట. నేను వాయిస్తుంటే కిటికీ అద్దాలు అదురుతున్నాయని అన్నయ్య వచ్చి, పాట మధ్యలో, అందరూ చూస్తుండగా, నా హెడ్డు మీద సౌండు సున్నాకు తిప్పేశాడు. నేను వైర్లు పీకి, హెడ్డు సంచిలో పెట్టుకుని, గిటారు భుజాన వేసుకుని, బస్సెక్కి తిరువూరు వచ్చేశాను. బాక్సులు వాళ్ళింట్లోనే ఉండిపోయాయి. వచ్చి తీసుకెళ్తుందిలే అని ఆయన, తెచ్చి ఇస్తాడులే అని నేను. మాటల్లేవు. క్రిస్మస్‌కు కేకు మాత్రం ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి పిల్లల చేత అందాయి. ఆ ఏడాది నేను గిటారు ముట్టుకోలేదు.

మా అమ్మ చిట్టెమ్మ అప్పుడు అన్నయ్య దగ్గర ఉండేది. పెద్ద బాక్సు మీద కళ్ళజోడూ బైబిలూ పెట్టుకునేది. ఒకరోజు అన్నయ్యను పిలిచి, "ఒరేయ్ ప్రభూ, దీని నోరు మీ చెల్లి దగ్గరుందంటగా. నోరు ఒకచోట, ఒళ్ళు ఒకచోట. నేను పోయినరోజు మూగపాటతో పంపుతారా నన్ను?" అందట. ఆ మర్నాడే అన్నయ్య రెండు బాక్సులనూ ఆటోలో వేసుకొచ్చి మా గుమ్మంలో దించాడు. "ఇంట్లో చోటు చాలడం లేదు," అన్నాడు. నేను కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చాను. క్షమాపణలు ఏవీ జరగలేదు. భోజనం జరిగింది.

ఆ రోజే హెడ్డుకోసమని ఒక పెట్టె కూడా తెచ్చాడు. మూలలకు ఇనప రేకులు, పైన రెండు తాళాలు. అందులో నా హెడ్డు పెడితే ఖాళీ బస్సులో ఒక్క ప్రయాణికుడిలా అటూ ఇటూ దొర్లింది. నేను ఒక్కరోజు కూడా వాడలేదు. పారెయ్యనూ లేదు.

4. పై రెండో క్లాజులో చెప్పిన గిటారు, హెడ్డు, రెండు బాక్సులు, సంచులు, తొడుగులు, వైర్లు మొత్తం నా మేనకోడలు, ప్రభుదాసు గారి కుమార్తె కరుణశ్రీకి చెందవలెను. నా దగ్గరే నేర్చుకుంది, ఇప్పుడు నాకంటే బాగా వాయిస్తోంది. ఈ మాట బతికుండగా దానికి చెప్పను, నెత్తికెక్కుతుంది.

విజయవాడలో ఒక బృందం వాళ్ళు తమతో వాయించడానికి రమ్మని కరుణశ్రీని పిలిచారు. వాళ్ళ నాన్న వద్దన్నాడు. "ఆడపిల్ల బాక్సులు మోసుకుంటూ ఊళ్ళు తిరుగుతుందా?" అన్నాడు. నేను ఇన్నేళ్ళూ మోసిందేమిటో ఆయన అడగలేదు. పిల్ల ఆ రోజు నుంచి సాధన మానేసింది. ఏడాది గిటారు ముట్టుకోకుండా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు గనుక, ఇవన్నీ దానికి తండ్రి అనుమతితో నిమిత్తం లేకుండా చెందుతాయనీ, ఏ ఊరికైనా తీసుకెళ్ళే పూర్తి హక్కు దానికి ఉంటుందనీ రాస్తున్నాను. అమ్ముకోవాలన్నా అమ్ముకోవచ్చు. జతగానే అమ్మాలి.

5. అనిల్ కుమార్‌కు సౌండ్ సర్వీసు షాపు ఉంది. ఊరి పెళ్ళిళ్ళన్నీ వాడివే. నా బాక్సుల మీద వాడికి ఎప్పటినుంచో కన్ను. ఒక నిశ్చితార్థానికి నా హెడ్డూ బాక్సులూ అడిగి తీసుకెళ్ళి, ఆ రెండు బాక్సులు చాలవని వాడి బాక్సు మూడోది కూడా తగిలించాడు. ఆ హెడ్డు రెండిటికి మించి మోయదని చెప్పాను. "ఏం కాదులే అమ్మా," అన్నాడు. పెళ్ళికొడుకు వేదిక మెట్లెక్కే సమయానికి హెడ్డు వేడెక్కి ఆగిపోయింది. పెళ్ళికొడుకు మౌనంగా మెట్లెక్కాడు. అందుచేత అనిల్‌కు బాక్సులు ఇవ్వడం లేదు. మామయ్య తెచ్చిన ఇనప రేకుల పెట్టె ఇస్తున్నాను. వాడి వైర్లన్నీ అందులో పడతాయి. ఇల్లు వాడిదే, నా చేతి గాజులు వాడి భార్య హన్నావి, కనుక అలగడానికి వీల్లేదు.

6. నా భర్త జోజప్ప గారికి నా హెడ్‌ఫోన్లు. ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకూడదని నేను వాటితోనే సాధన చేసేదాన్ని. పక్కన పేపరు చదువుకుంటూ ఆయన విన్నదంతా తీగల టకటక ఒక్కటే. అయినా, "ఇవాళ బాగా వచ్చింది" అనేవారు. ఆయనకేం వినపడిందని నేనెప్పుడూ అడగలేదు. సాధన చేసినవి కొన్ని నా ఫోన్లో రికార్డయి ఉన్నాయి. ఎలా వినాలో హన్నా చూపిస్తుంది.

7. అన్నయ్య ప్రభుదాసుకు ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం పెట్టిన మనిషికి ఆ వీలునామాలో ఏమిచ్చినా చెల్లదని వకీలు గారు చెప్పారు. అన్నయ్యే సాక్షి కావాలని నా పట్టు. సాక్షి మొత్తం చదవక్కర్లేదని కూడా వకీలు గారన్నారు. అన్నయ్య చదివే సంతకం పెట్టాలి, నాలుగో క్లాజు మరీ ముఖ్యంగా. చదివి, పెట్టనంటే బలవంతం లేదు. పక్కింటివాళ్ళు పెడతారు.

8. వీలునామా అమలు జరిపే బాధ్యత మా క్వయర్ డ్రమ్మరు, రిటైర్డ్ హెడ్‌మాస్టరు అంతోనయ్య గారిది. పాట మొదలుపెట్టినదానికంటే వేగంగా ముగించడం ఆయన అలవాటు. ఈ పని మాత్రం నిదానంగా చెయ్యవలసిందిగా మనవి.

ఇది నా సమ్మతితో, నా ఇంటి వరండాలో, సాక్షులిద్దరి ఎదుట సంతకం చేసినది.

తిరువూరు, 18-08-2025
(సం.) పగిడిపల్లి పుష్పలత

సాక్షులు:

అంతోనయ్య (సం.)

ప్రభుదాసు (సం.). మొత్తం చదివాను. నాలుగోది రెండుసార్లు చదివాను. అద్దాలు అదిరిన మాట నిజం. కరుణ విజయవాడ వెళ్ళి వాయించుకోవచ్చు, నేను అడ్డం రాను. వచ్చే నెల ఆస్పత్రికి నేనూ వస్తున్నాను. ఈ కాగితం చాలా ఏళ్ళు బీరువాలోనే ఉండాలి.