బస్సు దిగినవారికి మొదటి గ్లాసు

నందిగామ,
ఆదివారం మధ్యాహ్నం

జాయిస్ వాళ్ళ నాన్నగారికి,

వందనాలు. ప్రభువు కాపుదలలో ఇక్కడ అందరం బాగున్నాం. దేశం కాని దేశం లెస్టర్లో మీరూ బాగున్నారని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అనుకుంటూ అని ఎందుకన్నానో చివర్లో చెబుతాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అత్తయ్యగారు నన్ను చూసి నవ్వుతున్నారు. ఫోనులో కాస్త బరువైన మాట ఎత్తితే చాలు, మీరు నన్ను నవ్వించి దారి మళ్ళిస్తారు. కాగితం దగ్గర మీ ఆటలు సాగవు. పైగా మీరే ముందు నాలుగు పేజీలు రాసి పంపారు కాబట్టి నేనూ రాస్తున్నాను.

మీరడిగినవాటికి ముందు జవాబులు. అత్తయ్యగారి కన్ను బాగానే ఉంది. ఆపరేషన్ తర్వాత నల్ల కళ్ళజోడు పెట్టుకుని గుడికి వెళ్తే పాస్టరమ్మగారు గుర్తుపట్టలేదట. అప్పట్నుంచి ఆ జోడు తీయమన్నా తీయడం లేదు. జాయిస్‌కి లెక్కలు ఇంకా పడటం లేదు, పాటలు మాత్రం మీలాగే విన్నది విన్నట్టు పట్టేస్తోంది. మా స్కూల్లో నాకు తొమ్మిదో తరగతితో పాటు పదో తరగతి సైన్సు కూడా అంటగట్టారు. ఎండలు అప్పుడే ముదిరాయి.

ఇక అసలు ప్రశ్న. సిగరెట్లు మానడానికి పట్టుకున్న ఆ ఈ-సిగరెట్‌లో పోసుకునే ద్రవం మీరే కలుపుకుంటున్నారనీ, ఎంత ఫ్లేవర్ పోసినా రుచి తగలడం లేదనీ, ఒక్కోసారి సబ్బు నోట్లో పెట్టుకున్నట్టుందనీ రాశారు. "మీ నాన్న షర్బత్‌కి ఆ రుచి ఎలా వస్తుంది జ్యోతీ, కాస్త కనుక్కుని రాయి" అన్నారు. ఆ వస్తువు మన దేశంలో నిషేధం. అయినా మీరడిగారని పోయిన శనివారం జగ్గయ్యపేట వెళ్ళాను. బస్సు మిరపకాయల లారీ వెనకాలే నడిచింది, లోపలున్నవాళ్ళందరం తుమ్ముకుంటూనే దిగాం.

షర్బత్ కాచే షెడ్డులో నాన్న సుగంధి షర్బత్ మొదలుపెట్టారు. పాకం చల్లారేదాకా ఎసెన్స్ మూత తీయనివ్వలేదు. తీసినా పొయ్యలేదు, నాలుగు చుక్కలు విదిలించారంతే. నేను మీ ప్రశ్న అడిగాను. అడిగింది మీరని చెప్పలేదు, ఏ వాసన కలిపినా అంతేనా అన్నట్టు అడిగాను.

"ఎక్కువ పోస్తే ఎక్కువ రుచొస్తదా ఏంటమ్మా. ఎక్కువైతే చేదెక్కుద్ది. తక్కువేసి, మూతపెట్టి, దాని మానాన దాన్ని మగ్గనియ్యాలి. గంటగంటకీ మూతతీసి చూసేవాడికి ఏదీ కుదరదు" అన్నారు.

"మరి కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది నాన్నా?"

"నాకు తెలవదు. పొద్దున్నుంచీ ఇందులోనే ఉన్నా కదా, నా ముక్కు చచ్చిపోయింది. నాకెప్పుడూ తక్కువైనట్టే ఉంటది. నా ముక్కుని నమ్ముకుంటే డబ్బా అంతా కుమ్మరిస్తా."

అందుకే ఆయనకో అలవాటు, మీకు గుర్తుండే ఉంటుంది. మొదటి గ్లాసు ఆయన తాగరు, పనివాళ్ళకీ ఇవ్వరు. రోడ్డు మీదికెళ్ళి అప్పుడే బస్సు దిగినవాళ్ళలో ఒకర్ని పిలుచుకొస్తారు. వాళ్ళు బాగుందంటే బాగున్నట్టు, మొహం చిట్లిస్తే ఆ బిందె మళ్ళీ పాకంలో కలుస్తుంది. పెళ్ళికి ముందు మీరు మా నాన్నతో మాట్లాడదామని వచ్చి, ఆయనెవరో తెలియక ఆ గ్లాసు తాగి, "తీపెక్కువైందండి" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆయన మీకు పిల్లనిచ్చారని నేనిప్పటికీ అనుకుంటాను. నన్ను మాత్రం ఈసారి పనికిరావన్నారు. "మిరపకాయల బండెనక వచ్చినదానివి, నీ ముక్కుకేం తెలుస్తది, కూర్చో" అన్నారు.

కాబట్టి మీ సబ్బు రుచికి కారణం అదేననుకుంటాను. రోజంతా అదే పీలుస్తుంటే నాలుక దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. మీరేమో చాల్లేదని ఇంకాస్త పోస్తున్నారు. సగానికి సగం తగ్గించండి. కలిపిన సీసా చీకట్లో పెట్టి కొన్నాళ్ళు మరిచిపోండి. మధ్యలో ఒకట్రెండు రోజులు ఏ ఫ్లేవరూ లేకుండా ఉండండి.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెబుతాను. కోపం వస్తే రానివ్వండి, ఉత్తరం మాత్రం చింపకండి.

కిందటిసారి సెలవుకొచ్చి వెళ్తూ మీరు షెడ్డులోంచి ఒక సుగంధి ఎసెన్స్ సీసా పెట్టెలో వేసుకున్నారు. కేకుల్లోకనుకున్నాను. అక్కడికెళ్ళాక దాన్నే ఆ ద్రవంలో కలుపుతున్నాననీ, పొగ వదిలితే గదంతా జగ్గయ్యపేట వాసనొస్తోందనీ మీరు ఫోనులో మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. అది అయిపోవస్తోందని, క్రిస్మస్‌కి ఊరొచ్చిన మీ స్నేహితుడు రూబెన్‌తో ఇంకో సీసా పంపమన్నారు. నింపుతుంటే ఒక చుక్క కింద పరిచిన పేపరు మీద పడింది. ఆరిపోతుందని చూశాను. ఆరలేదు. అవతలి వైపు అక్షరాలు కనపడేలా మరక అలాగే నిలిచిపోయింది. నూనె. పిల్లలకి ఏటా చెప్పే పాఠమే, నా చేతికింద జరిగేదాకా నాకు తట్టలేదు. తాగేవాళ్ళకి దానితో ఏమీ కాదు, కడుపు అరిగించుకుంటుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన నూనెని అరిగించేదెవరు?

మీకు చెప్పాలని ఫోను తీసి మళ్ళీ పెట్టేశాను. ఎన్నిసార్లు మానబోయి ఓడిపోయి, చివరికి ఆ సిగరెట్లు మానారో నాకు తెలుసు. అది చిన్న విషయం కాదు. ఇప్పుడు నేను ఇది కూడా తప్పంటే, విసుగొచ్చి మళ్ళీ సిగరెట్ పెట్టె కొంటారేమోనని భయపడ్డాను. ఆ భయంతో ఒక తిక్కపని చేశాను. రూబెన్ తెచ్చిచ్చిన సీసాలో సుగంధి లేదండి. మెడికల్ షాపులో సీలు తీయని గ్లిసరిన్ కొని, మీ ద్రవంలో ఎలాగూ ఉండేదదే కదా అని, కొత్త సీసాలో పోసి, పైన నాన్న షెడ్డు లేబుల్ అతికించాను. వాసనంటూ ఏదైనా ఉంటే ఆ లేబుల్‌కి అంటుకున్నదే.

మీ ఉత్తరంలో ఏం రాశారో చూసుకోండి. "రెండో సీసా మొదటిదానికంటే చాలా బాగుంది. దాంతో కలిపిందొక్కటే కుదిరింది. మావయ్యగారి చెయ్యి తెలుస్తోంది. ఈసారి పెద్ద సీసా పంపు." అది చదివి మొదట నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. కుదిరిందంటే మరి, ఎప్పుడూ ఫ్లేవర్ కుమ్మరించే చోట ఏ వాసనా లేనిది పోశారు కాబట్టి కుదిరింది. మిగతాదంతా మీ బెంగ. మీకు అక్కడ ఇంతగా మనసు గుంజుతోందని మీరెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇకనుంచి అడుగుతాను.

మొదటి సీసా అడుగున ఏమైనా మిగిలుంటే పారబోయండి. పెద్ద సీసా పంపను. ఫ్లేవర్ లేకుండానే రుచి కనిపెట్టిన మనిషి నికోటిన్ కూడా మెల్లగా తగ్గించుకోగలడు. ఎలాగో అక్కడి డాక్టర్నే అడగండి. ఎలాగూ వెళ్ళాలి, ఎందుకంటే మీరు దగ్గుతున్నారు.

మీ ఉత్తరంలో దగ్గు మాట ఎక్కడా లేదు. దాచారనుకోను, మీకు తెలియదనే అనుకుంటున్నాను. ఆదివారం ఫోను ప్రార్థనలో మీరు పాట ఎత్తుకుంటే ఒకప్పుడు గుక్క తిప్పుకోకుండా చరణం ముగించేవారు. మొదటి సీసా మొదలయ్యాక మధ్యలో ఆగడం మొదలైంది. పోయిన వారం జాయిస్ "నాన్న ఎందుకు ఆపేశాడమ్మా" అని అడిగి, మిగతా చరణం తనే పాడేసింది. మీరు గమనించలేదు, పాప పాడిందని చప్పట్లు కొట్టారు. డాక్టరు దగ్గర ఏం పీల్చారో దాచకుండా చెప్పండి.

నాకేమీ లేదు జ్యోతీ అంటారని తెలుసు. గదిలో మీతో ఉండేవాళ్ళూ అదే అంటారు. వాళ్ళూ మీరూ పొద్దున్నుంచీ షెడ్డులోనే ఉన్నారు. నేను వారానికొక్కసారి వింటాను. అప్పుడే బస్సు దిగినదాన్ని నేనండి. ఈసారి మొదటి గ్లాసు నాకిచ్చి, నా మాట నమ్మండి.

ఇట్లు,
మీ పాట చివరిదాకా వినాలని కూర్చున్న
మీ భార్య
కృపాజ్యోతి