దొరసాని పాట నడక

ఆదివారం రాత్రి.

నేను అప్పలమ్మని, డెబ్బై ఆరేళ్లు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మనవరాలు సుజాతతో ఉంటున్నాను. పక్కింటి పార్వతి చేత రాయిస్తున్నాను.

నేను ఆయాగా చేసిన ఇంట్లో దొరసాని ఒంటరిగా కూర్చుని, ఏదో ఫ్రెంచి నాటకంలో పాట తగ్గు గొంతుతో మెల్లగా పాడేది. ఏడుపు పాటనుకున్నాను. మా ఆయన పోయిననాడు శవం పక్కన ఆ వరసలోనే ఏడ్చాను. సుజాతకూ అలాగే నేర్పాను.

ఈ సాయంత్రం సుజాత క్లబ్బు వేదికెక్కి, ఆ పాటనే పై శ్రుతిలో గుర్రంలా పరుగెత్తిస్తూ పాడింది. జనం పగలబడి నవ్వారు.

"ఏటే, మీ తాత సావు నీకు నవ్వులాటా?"

"అది తాగి గెంతే పాట మామ్మా. నాకెప్పుడో తెలుసు."

"తెలిసీ సెప్పలేదేటే?"

"నువ్వు ఏడుస్తా పాడితే ఎలా సెప్పను?"

దొరసానీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు. అయినా పాట నడక మార్చను. నేను పోయిననాడు సుజాత మెల్లగానే పాడాలి, లేదా నోరు మూసుకోవాలి.

అప్పలమ్మ వేలిముద్ర.
చూసినవారు: పార్వతి; సుజాత, బెంగాలీలో సంతకం.