అత్తకి నువ్వు రాసిన నా కబుర్లు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆమధ్య, మన దీవిలో చాతం కలప మిల్లు దగ్గర నువ్వు దిగిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి, నువ్వు వదిలొచ్చిన భీమిలి వైపు మనవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. ముక్కూమొహం తెలియని టీచరమ్మ ఒకావిడ ఆ ఫొటో పట్టుకుని ఊళ్ళు తిరిగి, నీ మేనకోడలిని వెతికిపెట్టింది.

ఫోన్లో నీ మేనకోడలిది ఒకటే సంబరం. "మావ షిప్పు షిప్పుకీ మా అమ్మకి ఉత్తరం రాసీవోడు వదినా. నానే చదివి ఇనిపించీదాన్ని. అన్నీ నీ కబుర్లే!"

నాకు తొలి పన్ను ఊడిన రోజు, నేను ఫెర్రీలో తప్పిపోయిన రోజు, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఇక్కడ మన డాలీగంజ్ ఇంట్లో నాతో రోజుకు నాలుగు మాటలైనా మాట్లాడని మనిషివి! షిప్పు వచ్చినప్పుడల్లా నువ్వు జెట్టీకి పోతుంటే స్నేహితుల కోసమనుకున్నాను, ఉత్తరం పంపడానికని తెలీదు.

ఉత్తరాలన్నీ పంపిస్తానంది. "అమ్మ గుర్తుగా ఒక్కటి ఉంచుకోనా వదినా?" అని అడిగింది.

"ఉంచుకోనీ నా, మమ్మీ, బేచారీ," అని పక్కనుంచి తన హిందీ కలిసిన తెలుగులో జాలిపడింది నీ మనవరాలు.

వద్దన్నాను.

నువ్వుంటే సగం ఆవిడకే వదిలేసేవాడివి. అందుకే నాన్నా, అన్నీ నా చేతికొచ్చాకే నీకీ సంగతి చెబుతున్నాను.