బొల్లారం గోడలో నువ్వు దాచిన డబ్బా

ఆగస్టు, శనివారం. పొద్దుటి నుంచి ముసురు. ఇంటి మీది నీళ్ల ట్యాంకు కడిగాను.

తమ్ముడూ, నువ్వు పోయి నేటికి ఏడాది. ముక్కూమొహం తెలియనివాళ్లు జీపీఎస్‌తో వెతుక్కోవాలని బొల్లారం పాత గోడ సందులో డబ్బా దాచి, దాని అంకెలు నెట్‌లో పెట్టావు కదా. అది ఉందో లేదో చూడాలనిపించింది. నీ ఫోను చూసి ఆ అంకెలు నా ఫోనులో కొట్టాను. ముందు ఉత్తరం, తర్వాత తూర్పు అని నువ్వు చెప్పింది మరిచి తారుమారు చేస్తే, ధ్రువం దగ్గరి మంచు చూపించింది. సరిచేసుకుని వెళ్లాను.

బాణం ఆగిన చోట గోడ లేదు. రోడ్డు వెడల్పు చేశారు. రోడ్డు పక్కనే అటూ ఇటూ వెతికాను.

పక్కన చాయ్ బండి ఆమె పిలిచింది.

"ఏందన్నా, నువ్వు సుత గా డబ్బా కోసమేనా?"

బండి కింద నుంచి తీసి చేతిలో పెట్టింది.

"జేసీబీ వచ్చిన దినం ఉరికి తెచ్చిన. వచ్చినోళ్లు పరేషాన్ అయితున్నరు. పెట్టినాయన లెక్క తప్పిండా?"

"తప్పలేదమ్మా. గోడ పోయింది."

"అయితే నా బండి కాడి నంబర్ పెట్టు. జెర గిరాకీ అన్న అయితది!"

అక్కడే నిలబడి నీ ఫోనులో కొత్త వేపాయింట్, అంటే ఆ బండి చోటి అంకెలు, గుర్తుపెట్టాను. పాత అంకెలు తీసేయాలా అని ఫోను అడిగింది. తీస్తే నువ్వు పెట్టినవి పోతాయి. ఉంచితే రేపు వచ్చేవాళ్లు ఖాళీ రోడ్డు మీద నిలబడతారు.

అవునని నొక్కాను. డబ్బా మళ్లీ ఆమె బండి కిందే పెట్టించి, చాయ్ తాగి, కూరగాయలకని బోయిన్‌పల్లిలో దిగి, ఇంటికి వచ్చాను.