దొర ఎడమకాలు

ఫిల్మ్‌నగర్,
గురువారం, మధ్యాహ్నం భోజనాల వేళ.

మా రాజీ అక్కకి, అక్క చేతిలోని ఎర్రపెన్నుకి ముందుగా దణ్ణం పెట్టుకుని తమ్ముడు చంటి రాస్తున్న ఉత్తరం.

నేను ఇక్కడ క్షేమంగానే ఉన్నాను. ఈ వాక్యం ఈ ఉత్తరంలో ఇంకో మూడుసార్లు వస్తుంది. ఎన్నోసారికి నీకు అనుమానం వస్తుందో చూడాలి. బావగారు, నానిగాడు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్లు ఏమంటున్నాయి? నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నారా, లేక వాట్సాప్‌లో వచ్చిన ఉల్లిపాయ వైద్యాన్నే నమ్ముకున్నారా?

ఉద్యోగం మానేసి సినిమాల్లోకి వెళ్తానన్నప్పుడు నాన్నని ఒప్పించినందుకు, నెలకో ఉత్తరం చేత్తో రాయాలని షరతు పెట్టావు. రాస్తున్నాను. నువ్వు బళ్లో పిల్లల పరీక్ష పేపర్లతో పాటు దాన్నీ దిద్ది తిప్పి పంపుతున్నావు. పోయిన నెల ఉత్తరానికి ఇరవై అయిదుకి పదమూడు వేశావు. రెండేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో పనిచేస్తున్నవాడికి ఇంతకన్నా పెద్ద అవమానాలు రోజూ జరుగుతుంటాయి కాబట్టి క్షమించాను.

ఇక్కడ వారం నుంచి ముసురు. జూబ్లీహిల్స్ మీద పడ్డ వాన బండలమీదుగా జారి, మా షూటింగ్ ఫ్లోరు గుమ్మం దాకా వచ్చి వేషం అడుగుతోంది. మోతీనగర్ గదిలో ముగ్గురమే ఉంటున్నాం. వంట వంతులవారీగా చేసుకుంటాం. నా వంతు వచ్చిన రోజు మిగతా ఇద్దరూ టోలిచౌకి వెళ్లి బిర్యానీ తిని వస్తారు. నా వంటంటే వాళ్లకి అంత గౌరవం. నువ్వు పంపిన ఆవకాయ జాడీ అడుగు కనబడి పది రోజులైంది.

ఒంటరిగా ఉందా అని ప్రతి ఉత్తరంలో అడుగుతావు. మా యూనిట్లో నూట ఇరవై మంది. నా పేరు తెలిసినవాళ్లు ఇద్దరు. ఒకడు యాదగిరి, రెండోవాడు దొర.

దొర అంటే కుక్క. పెద్ద లాబ్రడార్, గోధుమరంగు, ఏడేళ్లు. మా సినిమాలో హీరోగారి కుక్క వేషం. యాదగిరి వాణ్ణి పెంచినవాడు. బోరబండలో ఉంటాడు, సినిమాలకి కుక్కల్ని తయారుచేస్తాడు. ఈ పేరేంటన్నా అని మొదటిరోజే అడిగాను.

“మా ఊర్ల దొర ముంగట మా తాత ఎన్నడు కూసోలే సార్. గందుకే వీనికి గా పేరు పెట్టిన. దినాం వందసార్లు ‘దొరా, కూసో’ అంట. కూసుంటడు.”

ఇలాంటి మనిషి. ఇలాంటి కుక్క.

ఇక నా పని. సినిమాలో సీన్లు వరసగా తీయరు. పెళ్లి ముందు తీసి, పెళ్లిచూపులు నెల తర్వాత తీస్తారు. కాబట్టి గ్లాసు ఏ చేతిలో ఉంది, చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నారు, బొట్టు ఎంత చెదిరింది, ఇవన్నీ ఒకడు పుస్తకంలో రాసుకుని, మళ్లీ తీసేటప్పుడు సరిపోయాయో లేదో చెప్పాలి. దాన్ని కంటిన్యూటీ అంటారు. ఆ ఒకణ్ణి నేను. మా డైరెక్టరుగారి పోయిన సినిమాలో హీరో మీసం ఒకే పాటలో మూడుసార్లు పెరిగి తగ్గిందని జనం నవ్వారు. అప్పట్నుంచి నేను “సరిపోయింది సార్” అంటేగాని ఆయన కెమెరా తిప్పరు. యూనిట్లో నాకున్న అధికారం అదొక్కటే.

నెల కిందట నలభై ఎనిమిదో సీను తీస్తున్నాం. దొర గేటులోంచి ఇంట్లోకి రావాలి. వచ్చాడు. ఎడమ ముందుకాలు కొంచెం ఎత్తెత్తి వేశాడు.

“కట్! ఆ కుంటు ఎవరు చెప్పారు దానికి?” అని డైరెక్టరుగారు అరిచారు.

యాదగిరి చేతులు జోడించాడు. “మాఫ్ చేయండి సార్, నేను చెప్పలే...”

“మార్వెలస్! చెప్పకుండానే చేసిందా? ఏం నటన అయ్యా అది!”

ఆ సాయంత్రమే కథ మారింది. నలభై ఏడో సీనులో విలన్ మనిషి కుక్కని కర్రతో కొడతాడు, అక్కడినుంచి చివరిదాకా అది కుంటుతుంది. దెబ్బ సీను తర్వాత తీశారు, కుంటు ముందే తీసేశారు. మా దగ్గర ఇది మామూలే.

నేను పుస్తకంలో రాశాను: కుక్క, ఎడమ ముందుకాలు, కొంచెం కుంటు. మర్నాడు: సరిపోయింది. ఆ మర్నాడు: సరిపోయింది. అయిదోరోజున దొర మామూలుగా నడిచాడు. కంటిన్యూటీ పోతుంది సార్ అని ముందుగా అరిచింది నేనే. కాలికింద ఒక శనగగింజ పెట్టి పైన ప్లాస్టర్ అంటిస్తే కుంటుతాడని యాదగిరి అన్నాడు. శనగగింజ తెచ్చింది నేనే అక్కా. భోజనాల వాళ్లని అడిగి తెచ్చాను. శ్రద్ధగా పనిచేస్తున్నావని డైరెక్టరుగారు భుజం తట్టారు.

ఆ తర్వాత శనగగింజ అవసరం రాలేదు.

రెండువారాలకి మణికట్టు పైన నిమ్మకాయంత వాపు. బెణుకు అనుకుని యాదగిరి పసుపు, సున్నం రాశాడు. తెరమీద పసుపు కనబడుతుందని మేకప్ ఆయన దానిపైన దొర రంగు పౌడరు అద్దాడు. నేను రాశాను: వాపు వైపు కెమెరా పెట్టరాదు. ఇంతమందిమి కలిసి ఆ కాలిని ఎంత చక్కగా చూసుకున్నామో చూడు.

నేను క్షేమంగానే ఉన్నాను.

పోయిన శనివారం దొర కోడిమాంసం ముట్టలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఇద్దరం వాణ్ణి ఆటోలో జూబ్లీహిల్స్‌లో కుక్కల ఆసుపత్రికి తీసుకెళ్లాం. అది చూసి తీరాల్సిన చోటు. నానిగాడు పుట్టిన నర్సింగ్‌హోమ్ కన్నా శుభ్రంగా ఉంది. స్వెట్టరు వేసుకున్న కుక్కలు సోఫాలమీద కూర్చుని ఉన్నాయి. ఒకదానికి గొడుగు పట్టడానికి మనిషి వేరే. యాదగిరి నేలమీద కూర్చున్నాడు.

“పైన కూర్చో అన్నా, ఎవరూ ఏమనరు.”

“దొర కిందున్నడు గద సార్.”

డాక్టరమ్మ చిన్నమ్మాయి, మహా అయితే నీ వయసు. ఎక్స్‌రే తీసి వెలుగుకి పెట్టింది. పైన ఎముక తెల్లగా, నున్నగా ఉంది. మణికట్టు దగ్గర చెద తిన్న తలుపులా ఉంది. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ.

“ఎముక క్యాన్సర్. ఎప్పట్నుంచి కుంటుతున్నాడు?”

“వారం అయితది మేడం” అన్నాడు యాదగిరి.

నేను నా పుస్తకం బల్లమీద పెట్టాను. ఆవిడ పేజీలు తిప్పింది. తిప్పుతూనే ఉంది.

“ఇరవై ఆరు రోజులు. తేదీ, టైము, ఎంత కుంటుతున్నాడో కూడా ఉంది. ఇంత మంచి కేస్ హిస్టరీ నాకెవరూ ఇవ్వలేదు. రోజూ పెరుగుతోందని రాసుకుంటూ ఇన్నాళ్లు ఎందుకు తీసుకురాలేదు?”

“పెరుగుతోందని రాయలేదు మేడం. సరిపోతోందని రాశాను.”

ఆవిడ పుస్తకం మూసి నావైపు జరిపింది.

తర్వాత ఒక కాగితంమీద లెక్క రాసిచ్చింది. ఊపిరితిత్తులకి ఇంకా పాకలేదు, అది అదృష్టం. కాలు భుజం దాకా తీసేయాలి. ఆపరేషను, మత్తు, నాలుగు రోజుల మంచం, మందులు కలిపి ఎనభై వేలు. ఆ తర్వాత మూడువారాలకోసారి కీమో, అయిదుసార్లు. రక్తపరీక్షతో కలిపి ఒక్కోసారికి పదిహేను వేలు.

“గింత చేస్తే ఎన్ని దినాలు బతుకుతడు మేడం?”

“చాలావాటికి ఏడాది వస్తుంది. కొన్నిటికి ఇంకా ఎక్కువ. చెయ్యకపోతే కొద్దినెలలే, అదీ నొప్పితో.”

“మూడు కాళ్లతోని ఎట్ల బతుకుతడు?”

“నెల తిరక్కుండా పరుగెడతాడు, చూడండి. అద్దంలో చూసుకుని ఏడ్చేది మనం. వాళ్లకి ఆ బాధ లేదు.”

సోమవారం ఆపరేషన్ అని రాసి, రెండు మాటలు చెప్పింది. అప్పటిదాకా పరుగులు, గెంతులు వద్దు, ఆ ఎముక ఎప్పుడైనా పుటుక్కుమనొచ్చు. ఇంకోటి, ఇవి నొప్పి దాచుకుంటాయి, ఇష్టమైన మనిషి పిలిస్తే కుంటు కూడా దాచుకుంటాయి, కాబట్టి నడక చూసి మోసపోకండి.

బయటికొచ్చాక యాదగిరి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “నా బిడ్డ ఇంజినీరింగ్ సదువుతున్నది సార్. ఫీజులన్నీ వీడే కట్టిండు. కుక్క సంపాయించి పిల్లను సదివిపిచ్చింది. గిప్పుడు వీని కాలుకు నా తాన పైసల్లేవు. ఏమంటవ్?”

ప్రొడక్షన్ మేనేజరుగారి దగ్గరికి వెళ్లాను. కళ్లు తడిచేసుకుని విన్నారు. డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లి పది నిమిషాల్లో నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

“ఏం కంగారు పడకండయ్యా. కాలు, కీమో, మొత్తం కంపెనీదే. శుక్రవారం ఒక్క షాట్ ఇచ్చి తీసుకెళ్లండి.”

ఆ ఒక్క షాట్ పన్నెండో సీను. దొర ఆరడుగుల గోడ దూకి ఇవతల దిగాలి. శుక్రవారం సాయంత్రం ఆ గోడ సెట్టు పీకేసి ఫ్లోరు ఇంకో సినిమాకి ఇచ్చేస్తున్నారు. దొరకి మిగిలిన సీన్లన్నీ కథలో దెబ్బ తర్వాతవే, మూడు కాళ్లతో నడిపించుకోవచ్చు. జంతువులతో షూటింగుకి డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి కదా అన్నాను. ఉంది. రెండునెలల కిందట తెచ్చారు. అందులో దొర ఆరోగ్యంగా ఉన్నాడు.

డైరెక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. “నిజంగానే కాలు తీసేస్తారా? ఆపరేషన్ రూములోకి కెమెరా రానిస్తారేమో కనుక్కో.” జోకేమో అనుకుని నవ్వాను. ఆయన రెప్ప వేయకుండా నావైపే చూస్తున్నారు.

యాదగిరి ఒప్పుకున్నాడు. “ఒక్క దుముకుడే గద సార్. వెయ్యిసార్లు దుమికిండు.”

“గెంతొద్దని డాక్టరమ్మ చెప్పింది కదన్నా.”

“డాక్టరమ్మ పైసలిస్తదా?” అన్నాడు. మళ్లీ తనే, “జర నువ్వు ఫికర్ చేయకు సార్. నేను ఈల ఏస్తే వాడు నా కోసం దుముకుతడు” అన్నాడు.

నన్ను భయపెడుతున్నది సరిగ్గా అదే అక్కా.

పన్నెండో సీను కథలో దెబ్బకి ముందు వస్తుంది. అంటే అందులో కుక్కకి ఇంకా కుంటు మొదలుకాలేదు. ఇరవై ఆరు రోజులు దొర కుంటేలా చూసిన నేనే, రేపు పొద్దున ఏడింటికి వాడు కుంటకుండా చూడాలి. నొప్పి తెలియకుండా చేసే ఇంజక్షను తెమ్మని మేనేజరుగారు కవరులో డబ్బు పెట్టి ఇచ్చారు. నిన్న మందులషాపు దాకా వెళ్లాను. వానలో చూరుకింద కాసేపు నిలబడి తిరిగొచ్చాను. కవరు అలాగే ఉంది, రేపు ఆయనకే తిరిగిచ్చేస్తాను.

రేపటి పేజీ మాత్రం ఇవాళే రాసేశాను. సీను పన్నెండు. కుక్క, ఎడమ ముందుకాలు, కుంటు, ఎక్కువ. సరిపోలేదు. నేను ఆ మాట అంటే కెమెరా తిరగదు, దూకడం ఉండదు, సాయంత్రానికి గోడ పోతుంది. కంపెనీ డబ్బూ పోతుంది, బహుశా నా ఉద్యోగమూ పోతుంది. యాదగిరికి చెప్పలేదు. చెబితే ఈల వేసేటప్పుడు అతని నోరు వణుకుతుంది, లేదా నా పీక పట్టుకుంటాడు. రెండూ న్యాయమే.

అందుకే నీకో పని. ఇంట్లో గోనెపట్టా కప్పి పెట్టిన నా బండి బావగారి స్నేహితుడు ఏడాదిగా అడుగుతున్నాడు కదా. ఎంతిస్తే అంతకి ఇచ్చేయమను. సోమవారం ఆపరేషనుకి అది చాలకపోతే నా ల్యాప్‌టాప్ కూడా ఉంది. కీమోలకి మూడేసి వారాల గడువుంది, ఈలోపు ఏదో ఒకటి చూస్తాను. నాన్నకి మాత్రం కుక్క సంగతి చెప్పకు. కెమెరా నేర్చుకుంటున్నాడట, దానికి డబ్బు కావాలట అను. ఆవకాయ తొందరేం లేదు, వీలున్నప్పుడు పంపు.

నేను క్షేమంగానే ఉన్నాను.

ఇది రాస్తున్నది ఆ గోడ దగ్గరే, లైట్ల పెట్టెమీద కూర్చుని. పొద్దున దొరకి గోడ చూపించడానికి తీసుకొచ్చారు. ఆటో దగ్గర్నుంచి ఇక్కడిదాకా మూడు కాళ్లమీదే వచ్చాడు. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు యాదగిరి గోడ ఇవతల నిలబడి సరదాగా ఒక ఈల వేశాడు.

దొర నాలుగో కాలు నేలమీద ఆనించాడక్కా. నిటారుగా నిలబడి, తోక ఊపుకుంటూ గోడదాకా చక్కగా నడిచాడు. ఎక్కడా కుంటలేదు. పక్కనుంచి డైరెక్టరుగారు “పర్ఫెక్ట్‌గా ఉంది కదూ?” అని నన్నే అడిగారు. నా పుస్తకంలో రాసిన పేజీని అరచేత్తో కప్పుకున్నాను.

అమ్మకి, నాన్నకి, పక్కింటి పిన్నిగారికి నా నమస్కారాలు. నానిగాడికి ముద్దులు. నీ దీవెనలు ఈసారి నాకు వద్దు. గుళ్లో దొర పేరున ఒక కొబ్బరికాయ కొట్టించు. గోత్రం అడిగితే బోరబండ అని చెప్పు. కాలు బాగవ్వాలని మొక్కకు, ఆ వేళ దాటిపోయింది. యాదగిరి ఈల వేసినా సరే, రేపు పొద్దున ఏడింటికి దొర కుంటాలని మొక్కు.

ఈ ఉత్తరం నీకు శనివారంగాని అందదని కొరియర్ అబ్బాయి చెప్పాడు. అప్పటికి శుక్రవారం ఎలాగో అలా అయిపోయి ఉంటుంది. అయినా మొక్కు అక్కా. మా దగ్గర ముందు జరగాల్సినవి తర్వాత తీస్తారు, అయినా సరిపోతుంది.

నేను క్షేమంగానే ఉన్నాను. ఈసారికి మార్కులు వేయకు.

నీ తమ్ముడు,
చంటి