ఆఖరి వరుసలో సందు

నాయనా,

ఈ రోజు నీ సంవత్సరీకానికి నివాళి కార్డును మదనపల్లెలో నేను పనిచేసే డీటీపీ సెంటర్లో నేనే కంపోజ్ చేశాను.

పుంగనూరు ప్రెస్సులో అక్షరాలు పేరుస్తూ నువ్వు, "రెండంచులూ గోడ మాదిరి నిలబడాలమ్మా" అని మాటల మధ్య సీసం ముక్కలు దూర్చేవాడివి. కంప్యూటర్లో నేను కుడి అంచును ఎగుడుదిగుడుగా వదిలేస్తే కోప్పడేవాడివి.

అందుకే ఈసారి ప్రతి వరుసనూ రెండంచులకూ సాగదీశాను. ఆఖరి వరుసలో రెండే మాటలుండటంతో "మీ" ఎడమ అంచుకు, "కూతురు" కుడి అంచుకు పోయాయి.

"మధ్యలో అంత సందు యాలమ్మా?" అన్నాడు మా ఓనరు.

ఎడమకు జరిపే బటన్ నొక్కాను. "కూతురు" వచ్చి "మీ" పక్కన చేరింది. కుడి అంచు మళ్ళీ ఖాళీ పడింది.

ఒక్కసారి కోప్పడు నాయనా.