చింతపండు నీళ్ళలో సొరపళ్ళు

చిన్నా,

రేపు నీ సంవత్సరీకం. నీ వర్క్‌షాపు సెలవుల్లో బారిపదా ఏటిగట్టున నువ్వు ఏరుకొచ్చిన రాతిగా మారిన సొరచేప పళ్ళు, చేపల వెన్నుపూసలు నీ ఫొటో ముందు పెడదామని, ఇత్తడి దీపాలతో పాటే చింతపండు నీళ్ళలో నానబెట్టి మరిచిపోయాను. తీసేసరికి వెన్నుపూసలు సుద్దలా పొడైపోయాయి. పెద్ద పన్ను మిగిలింది గానీ, రంపంలాంటి దాని అంచు అరిగిపోయింది.

ఆ పన్ను ఏ జాతి సొరచేపదో నువ్వు తేల్చకుండానే వదిలేశావు కదా, అది చూద్దామని ఈ సాయంత్రం నీ కూతురు భూతద్దంతో వచ్చింది.

"అత్తా, అంచు నున్నగుందేటి? గరుగ్గా ఉంటాదని నాన్న సెప్పీవోడే!"

"మీ నాన్న కళ్ళజోడు ఎప్పుడు పెట్టుకున్నాడే?" అన్నాను నవ్వుతూ.

"ఠీక్ హై" అని అదీ నవ్వి, చీటీ మీద "అంచు నునుపు" అని రాసి, పన్నుతో పాటు డబ్బీలో పెట్టుకుని వెళ్ళింది.

అంచు చూసే కదా నువ్వు జాతి చెప్పేవాడివి. కంటితో చూడనిది ఎన్నడూ రాయలేదు. నా తప్పు దాచుకోవడానికి నీ చూపునే తప్పుపట్టాను.

నీ కూతురు మలంచా రోడ్డు దాటకముందే ఫోన్ చేసి వెనక్కి రమ్మన్నాను. ఇప్పుడే గేటు చప్పుడైంది. పొడి మిగిలిన గిన్నె బల్ల మీదే ఉంచాను.

అక్క